బాణానికి బదులు బుట్ట

భర్తగారికి ఫ్రిజ్‌లో కళ్లెదుటే ఉన్న పాలగిన్నె ఏనాడూ కనబడలేదు. అలాంటి మనిషి, కంప్యూటర్ తెర మీద మౌస్ బాణం కనబడట్లేదని ఇల్లు పీకి పందిరి వేస్తుంటే భార్య ఓ ఉపాయం చేసింది. డెస్క్‌టాప్ మీదున్న గుర్తుల్లో కాస్త కొట్టొచ్చినట్టు కనబడే దాన్ని తీసి బాణానికి బదులు పెట్టేసింది. ఆ సంగతి ఆయనకు ఇంటి నుంచి ఆఫీసు మీటింగ్ మొదలై, తన తెర అందరికీ చూపిస్తున్నప్పుడు తెలిసింది.

ఆయన మైకును గుప్పిట్లో మూశాడు.

“ఏమిటే ఇది? చెత్తబుట్ట తిరుగుతోంది!”

“కనబడుతోందా, లేదా?” అంది భార్య గుమ్మంలోంచి.

“ఆఫీసంతటికీ కనబడుతోంది! తీసెయ్!”

“ఇప్పుడు తీస్తే అదీ కనబడుతుంది. ఎక్కువ కదపకుండా కానివ్వండి.”

తెర మీద కంపెనీ వారి కొత్త సరుకు బొమ్మ ఉంది. తెరిస్తే పాట పాడే గొడుగు. సాక్షాత్తూ యజమాని బుర్రలో పుట్టింది. పోయిన మీటింగ్‌లో దాని గురించి వింటూ ఆవలించిన మేనేజరు ఇప్పుడు గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతున్నాడు.

పేజీ తిప్పేస్తే గండం గడుస్తుంది. ఆయన బుట్టను మెల్లగా తీసుకెళ్లి, పేజీ తిప్పే గుర్తు మీద నిలబెట్టి నొక్కాడు. తిరగలేదు. మళ్లీ నొక్కాడు.

“బుట్ట నడుముతో కాదండీ! ఎడమవైపు పై మూల తాకాలి. నొక్కు పడేది అక్కడే!”

“ముందే చెప్పి ఏడవొచ్చుగా!”

విసురుగా మౌస్ జరిపాడు. బుట్ట జారి, సరిగ్గా గొడుగు మీదికెళ్లి ఆగింది. గొడుగు పిడి అందులోకి దిగినట్టే ఉంది.

మాట్లాడుతున్న యజమాని ఆగాడు.

“ఏమయ్యా, నా గొడుగు మీద ఆ చెత్తబుట్టేమిటి?”

తెర మీది మొహాలన్నీ బిగుసుకుపోయాయి.

“అది... మా ఆవిడ పెట్టింది సార్.”

“మీ ఆవిడా? ఆవిడకి గొడుగు సంగతి తెలుసా?”

“చెప్పాను సార్.”

“ఏమంది?”

భర్త గుమ్మం వైపు చూశాడు. వద్దన్నట్టు భార్య రెండు చేతులూ జోడించింది. ఓ మంచి అబద్ధం కోసం వెతికాడు. పాలగిన్నెలాగే అదీ కనబడలేదు.

“వానలో పరిగెత్తేవాడికి పాటెందుకు, పక్కనున్నవాడి చేత తన్నులు తినడానికా... అంది సార్.”

యజమాని కళ్లజోడు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు. గోడౌన్‌కి ఏ బస్సు వెళుతుందో గుర్తు తెచ్చుకోవడం మొదలెట్టాడు భర్త.

యజమాని మైకు ఆపకుండానే కుర్చీ వెనక్కి తిప్పి, తన వెనకున్న మూసిన పడకగది తలుపు వైపు గొంతెత్తాడు.

“ఏమోయ్, వాళ్లావిడ కూడా నీ మాటే అందిట! ఇంకనైనా నాతో మాట్లాడవే, తప్పు నాదే!”