శనివారం మాత్ర

అల్లం కోసం వెతుకుతుంటే అత్తగారి చేతికి మాత్రల షీటు దొరికింది.

నీలిమ దాన్ని దాచలేదు. టీ పొడి డబ్బా పక్కనే పెట్టుకుంది. ప్రతి మాత్ర కిందా వారం పేరు అచ్చేసి ఉంటుంది. పొద్దున్నే టీ పెట్టుకునేటప్పుడు కనబడితే మరిచిపోదు కదా అని.

అత్తగారు రత్నకుమారికి ఇంగ్లీషు రాదు. అయితేనేం, భీమవరంలో మందుల షాపు వాళ్లింట్లో పుట్టి పెరిగిన మనిషి. షీటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి పిల్లలు పుట్టకుండా మింగేవి కదూ?" అంది.

"అవునత్తయ్యా" అంది నీలిమ, పాలు పొంగకుండా చూసుకుంటూ.

అంతే. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లోని ఆ చిన్న ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది.

పాపం, ఆవిడ బాధ ఆవిడది. వచ్చిందే మనవడి మీద ఆశతో. పిల్లలు పుట్టకుండా లోపల వేయించుకున్న కాయిల్‌ను నీలిమ తీయించేసుకుందని ఆమె మొగుడు నిశాంత్ ఫోన్లో తల్లి దగ్గర నోరు జారాడు. నాలుగేళ్ల సంజనకు తమ్ముడొస్తున్నాడని ఆవిడ వీధి వీధంతా చెప్పేసి, సున్నుండలు చుట్టుకుని విమానం ఎక్కేసింది. తీరా వచ్చి చూస్తే కోడలు కాయిల్ తీయించి మాత్రలు మొదలుపెట్టింది. ఇదేం విడ్డూరం అని ఎవరికైనా అనిపిస్తుంది.

సాయంత్రం నిశాంత్ ఆఫీసు నుంచి రాగానే పంచాయతీ పెట్టింది. గర్భసంచి ఎండిపోతుందంది. జుట్టంతా ఊడిపోతుందంది. రేపు కావాలనుకున్నా పిల్లలు పుట్టరంది.

నీలిమ ఒక్కదానికీ తగ్గలేదు. గర్భసంచి ఎండిపోదు. మాత్రలు ఆపేస్తే నెలసరి మళ్లీ మామూలుగా వస్తుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి కొందరికి ఉంటాయి, తనకూ మొదట్లో ఉన్నాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఏ కొద్దిమందికో ఉంటుంది. అందుకే నర్సు ముందు బీపీ చూసింది. మైగ్రేన్ ఉందా, సిగరెట్ తాగుతావా, మీ ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. అన్నీ విన్నాకే నీలిమ సరేనంది.

"ఈ ఇంటి గృహప్రవేశానికి నా నెలసరి వెనక్కి జరగాలని మీ సూట్‌కేస్‌లోంచి తీసిచ్చారే, అవీ హార్మోన్ మాత్రలే అత్తయ్యా. అప్పుడు నా బీపీ ఎవరూ అడగలేదు."



"అది దేవుడి పని" అంది రత్నకుమారి.

"ఇదీ అంతే అనుకోండి."

ఆ పొగరుకు ఆవిడ ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మంట కాస్తా ఏడుపులోకి దిగింది.

"మా లాస్యను చూడు. పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండలేదు. బర్మింగ్‌హామ్‌లో అది తిరగని ఆస్పత్రి లేదు, నేను మొక్కని దేవుడు లేడు. దాని మొహం చూస్తూ కూడా, నీకు వచ్చేదాన్ని మాత్రలేసి ఆపుకుంటున్నావే! నీకు మనసెలా వచ్చింది?"

లాస్య నిశాంత్‌కు అక్క. ఆ మాట నీలిమకు సూటిగా తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిశాంత్ సోఫాలోంచి లేచి ఏదో అనబోయాడు. నీలిమ ఒక చూపు చూసింది. మళ్లీ కూలబడ్డాడు. వీడు పెళ్లాం కొంగు పట్టుకున్నాడని తల్లి ఇంకో గంట సణిగింది.

"నా ఒళ్లు అత్తయ్యా ఇది. ఏం వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో నేను చూసుకుంటాను" అని నీలిమ అన్నం వడ్డించడానికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున షీటు చెత్తబుట్టలో తేలింది. నానమ్మే పడేసిందని సంజన ఇంగ్లీషులో చాడీ చెప్పింది. నీలిమ అరవలేదు. షీటు బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, అత్తగారి ఎదురుగానే శుక్రవారం మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకుంది.

ఇక లాభం లేదని ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. నీ మాటైతే వింటుంది, వచ్చి బుద్ధి చెప్పమంది.

శనివారం లాస్య రైలు దిగి వచ్చేసరికి అందరూ వంటింట్లోనే ఉన్నారు. కోటు కూడా విప్పనివ్వకుండా తల్లి మొదటి నుంచీ అంతా ఏకరువు పెట్టింది. లాస్య మొహంలో రంగు పోయింది. తన దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని నీలిమను ఏమేమి అన్నదో కూడా తల్లే చెబుతుంటే, కుర్చీ వెనక చెయ్యేసి గట్టిగా పట్టుకుంది.

"ఇవాళ తేలిపోవాలి" అంది రత్నకుమారి. "ఆ మాత్రలైనా ఇంట్లో ఉండాలి, నేనైనా ఉండాలి."

"మీరు ఎక్కడికీ వెళ్లొద్దు అత్తయ్యా. కానీ మాత్ర మానను. మీరు తిట్టినా, వదిన తిట్టినా మానను."

రత్నకుమారి షీటు లాక్కుని కూతురి చేతిలో పెట్టింది. నీ చేత్తోనే బయట పారేసి రమ్మంది.

లాస్య షీటు వైపు చూసింది. వేలితో వెతికి శనివారం మాత్ర నొక్కి తీసింది. నీలిమ అరచేతిలో పెట్టింది. కుళాయి తిప్పి గ్లాసులో నీళ్లు పట్టి, అదీ అందించింది.

"అమ్మా, ఇంకొక్క మాట అనకు" అంది. తల దించలేదు. "నీకు చెప్పొద్దని వీళ్లిద్దరి చేతా ఒట్టు వేయించుకున్నది నేనే. నీలిమ అండంతో నా కడుపులో బిడ్డను నిలపాలంటే ముందు మా ఇద్దరి నెలసరీ ఒకేసారి వచ్చేలా చెయ్యాలని డాక్టర్లు ఇచ్చిన మాత్రలమ్మా ఇవి."