మిక్సీ చాటున

చేత్తో నడిపే కార్లను నిషేధించి ఆరేళ్లయింది. వాటికి సామాను చేసినా జైలే. అయినా వీర్రాజు తన పాత ఫియట్ డ్యాష్‌బోర్డుకి టేకు పలక అరగదీస్తూ వంటింట్లో కూర్చున్నాడు. ఆకురాయి గరగర గోడలోని సర్కారు చెవిన పడకుండా భార్య అనసూయ ఉత్త మిక్సీ తిప్పుతోంది.

“త్వరగా కానివ్వండి, నా ప్రాణాలు పోతున్నాయి!” అని ఆయన చెవిలో గొణిగింది.

“ఒక్క మూలే మిగిలింది, ఆపకు,” అని మిక్సీ రొద పడలేక చెవుల్లో దూది కుక్కుకున్నాడు వీర్రాజు.

“అనసూయ గారూ,” ఎప్పట్లాగే మర్యాదగా పలికింది గోడ. “మిక్సీలో ఏం వేశారు?”

“కొబ్బరి పచ్చడి.”

“ఇంట్లో కొబ్బరి అయిపోయి నాలుగు రోజులైంది కదమ్మా.”

అనసూయ కంగారులో చటుక్కున మిక్సీ ఆపేసింది.

ఆకురాయి మాత్రం ఆగలేదు.

“ధన్యవాదాలమ్మా,” అంది గోడ.