గొర్రె చెవి

"మీ అక్కకు కుట్టుమిషను ఇద్దామా?"

వికలాంగుల కోసం వచ్చిన విదేశీ సంస్థ అధికారి ఎర్మెక్, చక్రాల కుర్చీలో ఎదురుగా ఉన్న బురుల్‌కాన్‌ను వదిలేసి ఆమె తమ్ముణ్ణి అడిగాడు.

"అక్కనే అడగండి."

"సరే. ఆవిడ గుర్రపు పాలు తాగుతారా?" మళ్ళీ తమ్ముణ్ణే.

ఆ పూట విందులో అందరికన్నా వయసులో పెద్దది బురుల్‌కానే కనుక, ఆచారం ప్రకారం ఉడికిన గొర్రె తల ఆమె ముందుకొచ్చింది. చెవి కోసి ఎర్మెక్ పళ్ళెంలో పెట్టింది. అందరూ గొల్లున నవ్వారు.

"అక్కా, చెవి చిన్నపిల్లలకు కదా పెడతారు, పెద్దల మాట వినమని!" అన్నాడు తమ్ముడు.

"అందుకే పెట్టాను. తిను నాయనా."

ఎర్మెక్ నమిలాడు, మింగాడు. మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"మీకేం కావాలక్కా?"

"వీపు ఆనించుకునే జీను. నా గుర్రం కూర్చుని తిని బలిసిపోతోంది."