మండీ హౌస్ పెళ్లిచూపులు

"మండీ ఎక్కడంకుల్?" అని అడగబోయి నవదీప్ నాలుక కరుచుకున్నాడు. ఎదురుగా ఉన్నది హోటలు కాదు, నాటకాల హాలు.

"శనివారం సాయంత్రం మండీ హౌస్‌కి వచ్చేయండి, మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం" అని కాబోయే మామ నాగభూషణం గారు ఫోన్ చేస్తే, హైదరాబాద్ కుర్రాడు ఇంకేమనుకుంటాడు? అక్కడ వీధికో మండీ హౌస్. పెద్ద పళ్లెం నిండా అన్నం, దాని మీద వేటమాంసం, చుట్టూ కూర్చుని తినే జనం. మామతో ఒకే పళ్లెంలో తింటే సంబంధం సగం ఖాయమైనట్టేనని మురిసిపోయి, పొద్దుటి నుంచి కడుపు ఖాళీగా ఉంచుకుని గురుగ్రామ్ నుంచి మెట్రో ఎక్కాడు. ఢిల్లీకి వచ్చి రెండు నెలలైనా ఆఫీసు, రూము తప్ప మూడో చోటు ఎరగని మేధావి అతను.

"ఏదో అంటున్నారు?" అన్నారు నాగభూషణం గారు.

"ఏం లేదంకుల్. హాల్ మంచిగుంది అంటున్న."

"ఈ మండీ హౌస్ చుట్టుపక్కలన్నీ ఇవేనండి. అటేమో కథక్, ఇటేమో సంగీతం, ఆ గోల్ చక్కర్ సర్కిల్ దాటితే మళ్లీ నాటకాలు. శనివారం వస్తే మాకిదే దారి."

గేటు దగ్గరి మనిషి ఆయనకి నమస్తే పెట్టి, టికెట్ అడక్కుండానే లోపలికి పంపాడు. ఈయనకి నాటకాలంటే ప్రాణమని నవదీప్‌కి అర్థమైపోయింది. ఆయన కూతురు ఇషిత అతనికి చాలా నచ్చింది. వీడియో కాల్‌లో తెలుగూ హిందీ కలిపి ఆమె మాట్లాడిన తీరుకే మనసు పారేసుకున్నాడు. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేడు.

"నాక్కూడా నాటకాలంటే పిచ్చి అంకుల్" అనేశాడు. ఆ ముక్క అన్నది తన నోరేనా అని అతనికే అనుమానం వచ్చింది.

"అచ్ఛా!" అని నాగభూషణం గారు అతన్ని తేరిపార చూశారు.

నాటకం మొదలైంది. నవదీప్‌ది చార్మినార్ హిందీ. స్టేజీ మీది హిందీలో పది మాటలకు ఒకటి అందితే గొప్ప. అంతలో ముసలాయన వేషం వేసినతను నేల మీద చతికిలబడి, రొట్టె తుంచి, ఉల్లిపాయ నంజుకుని, నెమ్మదిగా నమలసాగాడు. ఇక భాషతో పని లేకపోయింది. ఆకలి రుచి ఎరుగదంటారు, సిగ్గు కూడా ఎరుగదు. నవదీప్ కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి.

"ఏమైంది బాబూ?" అని ఆయన గుసగుసగా అడిగారు.

"గుండె పిండేసిండంకుల్."

నిజానికి పిండింది అంతకు జానెడు కింద.

ఇంటర్వెల్‌లో నాగభూషణం గారు రెండు బ్రెడ్ పకోడాలు కొన్నారు. "తీసుకోండి, గరంగరంగా ఉన్నాయి."

నవదీప్ చెయ్యి సగం దూరం వెళ్లింది. అంతలో అతనిలోని మహానటుడు మేల్కొన్నాడు. "వద్దంకుల్. నాటకం నడుమ తిండి నాతోని కాదు. మూడ్ ఖరాబైతది."

అలాగా అని ఆయన రెండూ తినేశారు, చట్నీతో సహా. తన నోటిని తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది నవదీప్‌కి. ఇషిత దక్కాలంటే ఒక పూట పస్తు ఎంతలే అని సర్దిచెప్పుకున్నాడు.

నాటకం అయిపోగానే బయటపడి ఏదైనా తిందామని అందరికంటే ముందు లేచాడు. అది చూసి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చేసేది లేక అతనూ కొట్టాడు.

బయట మెట్ల మీద నాగభూషణం గారు ఆగారు. "ఒక్క మాట దాచకుండా చెప్పండి బాబూ. నాటకమా, ఉద్యోగమా అంటే ఏమంటారు?"

ఆఖరి ప్రశ్న ఇదేనని నవదీప్‌కి తెలిసిపోయింది. ఉన్న ఓపికంతా కూడగట్టుకున్నాడు. "నాటకమే అంకుల్! జీతం లేకున్నా బతుకుత గానీ, ఇది లేకుంటే బతకలే."

ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. కొట్టేశావురా నవదీపూ, ఇంత వెధవ్వి ఇంత పని ఎట్లా చేశావురా అని అతను లోలోపల తనను తానే మెచ్చుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. మా ఇషితని మీకివ్వలేం."

"నేనేం తప్పు చేసిన అంకుల్?" అన్నాడు నవదీప్.

"స్టేజీ మీద వెనకాల రెండు గంటలూ కదలకుండా నిలబడిన చెట్టు ఉంది చూశారా? పోయినేడు దాకా అదీ మీలాగే గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరే బాబూ. మా పెద్దల్లుడు!"