చేతులు చూపించు

హలూమీ చీజ్ ముక్కను ముసలమ్మ గుమ్మంలోనే మడత దగ్గర విరిచి నోట్లో వేసుకుంది.

"ఉప్పెక్కువైంది."

చీజమ్మకు ఒళ్లు మండింది.

పెనం మీద వేయించినా కరగని ఈ గట్టి చీజ్‌ను ఇంట్లోనే చేసి అమ్ముతుందని వీధివాళ్లు ఆమెకు పెట్టిన పేరది. పాలు విరిచి, గడ్డను అదిమి, ముక్కలు కోసి, ఆ విరుగుడు నీళ్లలోనే మళ్లీ ఉడికించాలి. పొగలు కక్కుతుండగానే పుదీనా చల్లి చేత్తో మడవాలి. గరిటె పెట్టినా, చల్లారనిచ్చినా మడత పగులుతుంది.

సందు మొదట్లో ఉన్న హోటల్‌కు రుచి చూడమని ముక్కలు ఇచ్చి నెల దాటింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ ఆర్డరు రాకపోతే మళ్లీ లాండ్రీలో బట్టలుతకడానికి పోవాల్సిందే. ఆ మంట చాలదన్నట్టు ఈ ముసలమ్మ ఒకతె.

ఎవరో, ఎక్కడుంటుందో తెలియదు. మండుటెండలో కూడా చేతులకు తొడుగులు. వారం వారం దిగబడుతుంది. ఒకసారి ఉప్పంటుంది, ఒకసారి పుదీనా అంటుంది. నూరు వంకలు పెట్టి, ఒక్క ముక్క కొనుక్కుని పోతుంది.

"ఏదీ, నీ చేతులు చూపించు."

పోయిన వారమూ ఇదే గొడవ. అప్పుడు గిన్నెలు తోముతున్నానని తప్పించుకుంది. ఇవాళ కోపం నషాళానికంటింది. వంటిల్లు అద్దంలా పెట్టుకునే మనిషిని పట్టుకుని చేతులు శుభ్రమేనా అని అడగడమా?

చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మురికి వెతకడానికొచ్చావా అవ్వా? నచ్చకపోతే కొనకు. మళ్లీ నా గుమ్మం తొక్కకు."

ముసలమ్మ తల ఆడించింది.

"దాచుకున్నావన్నమాట," అంది. మిగిలిన ముక్కను అక్కడే పెట్టి మెట్లు దిగింది.

పీడ విరగడైందనుకుంది చీజమ్మ.

మర్నాడు అదే ఊపులో హోటల్‌కు వెళ్లి, ఔనో కాదో మొహం మీదే చెప్పమని యజమానిని నిలదీసింది. ఆర్డరు పొద్దున్నే వేరేవాళ్లకు ఇచ్చేశానన్నాడతను.

"నాతో ఒక్క మాటైనా అనాలనిపించలేదా?"

"నిన్నటిదాకా మీకేనమ్మా. మా పెద్దావిడ వారం వారం మీ ముక్క తెచ్చి నాచేత తినిపించేది. చిన్న చిన్న వంకలు దిద్దుకుంటే మిమ్మల్ని మించినవాళ్లు లేరని నాతో పోట్లాడేది. చేతులొక్కటి చూసి ఖాయం చేస్తానంది. నిన్న వచ్చి, చేతులు దాచుకుంది, గరిటెతో మడుస్తున్నట్టుంది, వద్దులే అంది."

చీజమ్మ రెండు చేతులూ బల్ల మీద పరిచింది. వేళ్ల కొసలు ఎర్రగా కమిలి బొబ్బలెక్కి ఉన్నాయి.

యజమాని వాటికేసి చూసి తల దించుకున్నాడు. అవతలివాళ్లకు మాట ఇచ్చేశాననీ, పెద్దావిడ కూడా పొద్దున్నే కూతురి ఊరికి బండెక్కిందనీ మెల్లగా చెప్పాడు.

చీజమ్మకు కోపం తగ్గలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"ఇంతకీ ఎవరావిడ?"

"ఇన్నేళ్లూ మాకు చీజ్ చేసి పెట్టింది ఆవిడేనమ్మా. కాలి కాలి వేళ్లు వంగడం మానేశాక, ఆ తొడుగులు వేసుకుని తన చోటికి మనిషిని వెతుక్కుంటూ తిరిగింది."