నలభయ్యో జడ

"కదిలావంటే కనుబొమ కాస్తా చెవిదాకా పోతుంది," అంది హుర్షిదా.

ద్రాక్షపందిరి కింద పెద్ద చెక్క మంచం మీద ఏడుగురు ఆడపిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. తలలకు పెరుగు పట్టించి గుడ్డలు చుట్టింది. కళ్ల మీద దోసకాయ ముక్కలు, గోళ్లకు గోరింట. ఇక ఉస్మా ఆకు పసరు మిగిలింది. బోర్లించిన టీ గిన్నె అడుగు గుంటలో ఆ పసరు పోసుకుని, అగ్గిపుల్లకు దూది చుట్టి ఒక్కొక్కరికీ కనుబొమలు దిద్దుతోంది. పసరు ఆరేదాకా ఎవరూ నవ్వకూడదని ముందే చెప్పింది. చెప్పిన దగ్గర్నుంచీ ఎవరికీ నవ్వు ఆగడం లేదు.

చివర పడుకున్నది జెబో. ఎడమ కనుబొమ కొసన వెంట్రుకలు మొలవని చిన్న ఖాళీ ఉంది ఆ పిల్లకి. హుర్షిదా రోజూ తన కనుబొమకి దిద్దుకునే అలవాటుతో దాన్ని ఒక్క గీతలో పూడ్చేసింది.

నిజానికి ఇంత హంగామా ఏడుగురి కోసం కాదు, ఈ ఒక్క తల కోసమే. తోడికోడలు మావ్లుదా కూతురు జెబోకి ఇవాళ్టితో పదేళ్లు నిండాయి. ఆ తలకి ఆచారం ప్రకారం నలభై సన్న జడలు తన చేత్తో అల్లాలని హుర్షిదా ఏటా అడుగుతుంది. జలుబనో, పరీక్షలనో మావ్లుదా ఏటా దాటేస్తుంది. ఈసారి పిల్లే మంకుపట్టు పట్టింది, స్నేహితురాళ్లందరితో కలిసి పిన్నింట్లో సింగారించుకుంటానని. ఇంకే సాకూ దొరక్క మావ్లుదా సరేనంది.

అందుకే హుర్షిదా తెల్లారకముందే లేచి గోరింట నూరింది, గుమ్మడికాయ కూరిన సంసాలు కాల్చింది, పెట్టెలోంచి కొత్త పరుపులు తీసి పరిచింది. భర్త రష్యాలో మేస్త్రీ పనికెళ్లి ఏడాదికో నెల వచ్చి పోతాడు. తక్కిన పదకొండు నెలలూ ఆ ఇంట్లో రెండో గొంతు వినపడదు. ఇవాళ ఏడుగురి కిలకిలలు వింటుంటే ఆమెకి సంతోషంగానూ ఉంది, సాయంత్రం తలుచుకుంటే భయంగానూ ఉంది.

పక్కింటి సలోమత్ అవ్వ వేడి రొట్టెలు ఇచ్చే నెపంతో వచ్చి చూసింది. నీకే ఒక ఆడపిల్ల ఉంటే ఎన్ని ముచ్చట్లు తీర్చుకునేదానివో అని నిట్టూర్చింది. అన్నదమ్ములిద్దరి కుటుంబాలూ కొండపల్లె వదిలి మర్గిలాన్ పట్నంలోని ఈ వాడకి వచ్చి తొమ్మిదేళ్లయింది, తొమ్మిదేళ్లుగా అవ్వది అదే పాట. పోయిన అత్తగారి పాట వేరు. చిన్నదానివి, నీకింకా బోలెడుమంది పుడతారు అనేది ఆవిడ. ఆ బోలెడుమందిలో ఒక్కరూ రాలేదు.

టీ వేళకి వస్తానన్న మావ్లుదా గంట ముందే దిగింది. మంచం అంచున కూర్చుని, పోసిన టీ తాగకుండా చేత పట్టుకుని, పిల్ల మీంచి చూపు తిప్పకుండా ఉండిపోయింది.

"ఒడి నిండని మనిషి చెయ్యి కదా. తల్లికి దిగులుండదా మరి," అని గొణిగింది అవ్వ, వినపడేలాగే.

హుర్షిదా లేచి నీళ్లు తోడింది. తలలు కడిగింది, ఆరుగురికీ తలా రెండు జడలు వేసి, సంసాలు పెట్టింది. పిల్లలు పచ్చ కనుబొమలతో ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఇళ్లకి పోయారు. అవ్వ కూడా వాళ్ల వెనకే కదిలింది.

"దీనికీ రెండు చాలు. వాళ్ల నాన్న ఎదురుచూస్తుంటాడు," అంది మావ్లుదా.

"నలభై వేస్తేనే లేస్తా," అని జెబో వెళ్లి పిన్ని ఒళ్లో తల పెట్టేసింది.

హుర్షిదా పాపిడి తీసింది. పిల్ల ఒక్కో జడా లెక్కపెడుతోంది. పది దాకా వేళ్లు చకచకా ఆడాయి. ఇరవై దాటాక నెమ్మదించాయి. ముప్ఫై మూడోది అల్లి, వదులైందని విప్పి మళ్లీ అల్లింది. అది వదులుగా లేదని మావ్లుదాకి తెలుసు. అయినా ఊరుకుంది.

"పిన్నీ, నీకు పిల్లలెందుకు లేరు?"

మావ్లుదా గిన్నెలోని టీ తొణికి ఒడిలో పడింది. తుడుచుకోవడం కూడా మర్చిపోయి హుర్షిదా ముఖంలోకి చూసింది.

"తల కదపకు, పాపిడి వంకరపోతుంది," అంది హుర్షిదా. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అమ్మ కూడా ఇది అడిగితే ఇలాగే మాట మార్చేస్తుంది," అని జెబో సణిగి, మళ్లీ లెక్కలో పడింది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

నలభయ్యో జడ కొసకి దారం చుట్టి ముడి వేసింది హుర్షిదా. ముడి పడింది గానీ వేళ్లు జడని వదల్లేదు. ద్రాక్షపందిరి మీంచి ఎండ వాలిపోయింది. పెరుగు వాసన ఇంకా పోని ఆ తల మీద ఆమె ఒక్క క్షణం చెంప ఆనించింది.

మావ్లుదా లేచి నిలబడింది. కోపంగా లేదు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. రెండు చేతులూ ముందుకు చాచింది.

"నలభై అయ్యాయి కదా. ఇక పిల్లని ఇటివ్వు."

తనంతట తను నడిచివెళ్లగల తనని అలా అడుగుతుంటే జెబోకి నవ్వొచ్చింది. లేచి నలభై జడలూ గిర్రున తిప్పుకుంటూ తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. హుర్షిదా దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు తీసి, పారెయ్యకుండా వేలికి చుట్టుకుంది.

పదేళ్ల కిందట, హుర్షిదా కానుపైన నలభయ్యో రోజున, మావ్లుదా ఇలాగే చేతులు చాచి అన్నదీ ఇదే మాట.