మినహాయింపు

లైబ్రరీలో నెట్ మళ్ళీ నత్తనడక మొదలుపెట్టింది.

ఉద్యోగాలకు దరఖాస్తులు నింపుతున్నవాళ్ళు కంప్యూటర్ల ముందు గొణుక్కుంటున్నారు. లైబ్రేరియన్ విసురుగా నెట్‌వర్క్ ఇంజనీరు గదిలోకి వచ్చాడు.

"ఏమయ్యా, బయట నా ప్రాణం తోడేస్తున్నారు. లైనంతా ఎవరు మింగేస్తున్నారో చూడు."

ఇంజనీరు ఫైర్‌వాల్ తెరిచాడు. లైబ్రరీ నెట్‌కు కాపలా గేటు అదే. ఏ యాప్‌ను పోనివ్వాలో, ఎవరికెంత బ్యాండ్‌విడ్త్ ఇవ్వాలో అక్కడే చెప్పాలి.

"చాలామంది వీడియోలు చూస్తున్నారు సార్. అందరికంటే పైన ఒక వీడియో కాల్ ఉంది. రోజూ మధ్యాహ్నం ఇదే ఫోను."

"ఇంకెవరు, మన మూకీ బామ్మ" అని నవ్వాడు లైబ్రేరియన్. "అన్నీ ఆపేసెయ్."

ఆపేముందు చూద్దామని ఇంజనీరు హాల్లోకి వెళ్ళాడు.

కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి, దాని ముందు చేతులు తిప్పుతోంది. కనుబొమలు ఎగరేస్తోంది, తల ఊపుతోంది. నోట మాట మాత్రం లేదు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"మాట్లాడుతున్నాను బాబూ."

"మాటేం వినపడలేదే."

"ఇక్కడ మాట్లాడకూడదని గోడ మీద రాశారుగా" అని నవ్వింది. తర్వాత మెల్లిగా చెప్పింది. "నా శిష్యురాలికి చెవులు వినపడవు. చదువూ లేదు. చేతులతో మాటలు నేర్పుతున్నాను. వీడియో లేకపోతే మాకు మాటే లేదు."

అతను కాస్త మెత్తబడ్డాడు.

"ఇంట్లో నెట్ లేదా అమ్మా?"

"నెట్ వేయించుకునే స్తోమత లేదు బాబూ. ఆ పిల్లేమో వేరే ఊళ్ళో ఉంటుంది. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ బస్సెక్కి వెళ్ళొచ్చేదాన్ని."

"వీడియో యాప్‌లన్నీ ఆపమన్నారమ్మా. మీ ఒక్క ఫోన్‌కీ మినహాయింపు ఇచ్చేలా చూస్తాను."

"మరిచిపోకు బాబూ. నీకు పుణ్యం ఉంటుంది."

సాయంత్రానికి ఆపేశాడు. మర్నాడు నెట్ పరుగులు తీసింది. లైబ్రేరియన్ అతని భుజం తట్టాడు. మినహాయింపు సంగతి ఎత్తితే మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"నీ ఇష్టం. ఒకరికిస్తే అందరూ నెత్తికెక్కుతారు."

వద్దని మాత్రం అనలేదు. నిమిషం పని. ఇంజనీరు తెర ముందు కూర్చుని ఆవిడ ఫోన్‌ను వెతికి పట్టుకున్నాడు కూడా. అంతలో అతని ఫోన్ మోగింది. అక్క ఉండే హోమ్ నుంచి ఆయా.

"పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను" అని పెట్టేశాడు. ఆ విసుగులో తెర కూడా మూసేశాడు.

"వీడియో రావట్లేదు బాబూ" అంది పెద్దావిడ ఆ మధ్యాహ్నం.

"చూస్తున్నానమ్మా."

మర్నాడూ అదే మాట, అదే జవాబు. ఆవిడ ఫోన్ పైకెత్తి పట్టుకుని కిటికీ దగ్గర, మెట్ల దగ్గర, గేటు దగ్గర నిలబడింది. తర్వాత రావడం మానేసింది.

అడిగే మనిషి లేకపోయేసరికి అతనికి హాయిగానే అనిపించింది.

హోమ్ నుంచి మాత్రం ఫోన్లు ఆగలేదు. చివరికి ఆయా గట్టిగానే చెప్పింది.

"మీ అక్క అన్నం ముట్టడం లేదు సార్. మీరొచ్చి చూడాల్సిందే."

ఆదివారం వెళ్ళాడు.

అక్క మంచం అంచున ఎముకల గూడులా కూర్చుని ఉంది. పుట్టుచెవుడు. ఈ పిల్ల బుర్రకు ఏదీ ఎక్కదని చిన్నప్పుడే డాక్టర్లూ బంధువులూ తేల్చేశారు. అతనూ అదే నమ్మాడు. అమ్మ పోయాక తెచ్చి ఇక్కడ చేర్చాడు.

అతన్ని చూడగానే అక్క చేతులు కదిలాయి.

"ఆకలంటోందా?"

"కాదు సార్, తమ్ముడు అంటోంది" అంది ఆయా. "ఆ ఒక్కటీ నాకూ తెలుసు."

అతను ఉలిక్కిపడ్డాడు. "ఎవరు నేర్పారు?"

"ఒక పంతులమ్మ సార్. మొదట్లో బస్సులో వచ్చేది, తర్వాత ఫోన్‌లో నేర్పేది. మీ అక్క నవ్వగా చూసింది ఆ రోజుల్లోనే. ఈమధ్య అక్కడెక్కడో నెట్ ఆపేశారట. పాపం, ఆ మోకాళ్ళతోనే మళ్ళీ బయల్దేరింది. బస్టాండులోనే కూలిపోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట."

అక్క తన ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. తెర మీద, కిటికీ వెలుగులో, ఆ పెద్దావిడ నవ్వుతోంది.

అతను ఫోన్ తిరిగి ఇచ్చేయబోయాడు.

అక్క ఆ ముఖాన్ని వేలితో చూపించింది. గుమ్మం చూపించింది. మళ్ళీ ముఖం. మళ్ళీ గుమ్మం.

"ఎప్పుడొస్తుందని అడుగుతోంది సార్. రోజూ ఇదే. పోయిందని చెప్పడం మా ఎవరివల్లా కాలేదు. మీరు తోడబుట్టినవారు, మీరైనా చెప్పండి."

అతను అక్క ఎదుట నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడు. వాటినేం చెయ్యాలో తెలియలేదు.

పంతులమ్మ ఇక రాదని అక్కకు అర్థమయ్యేలా చెప్పగల మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది, ఆ పంతులమ్మే.